మా డాబా మీద ఎండ

మా అత్తగారింట్లో రెండు పట్టింపులుండేవి. ఒకటి, డాబా మీదికి ఎవరూ చెప్పులతో ఎక్కకూడదు. రెండోది నా ఒక్కదానికే. ఆవిడని నేను అత్తమ్మా అనకూడదు, అత్తయ్యా అనాలి. మొదటిది పెళ్లయిన వారంలోనే వంటబట్టింది. రెండోది ఎంత ప్రయత్నించినా నోటికి రాలేదు. ఆవిడా దిద్దడం మానలేదు.

డాబా సంగతి ముందు చెప్పాలి. మన్సూరాబాద్‌లో మాది పాత ఇల్లు, కింద ఒక వాటా, పైన ఒక వాటా, ఆపైన డాబా. మా అత్తగారు ఇందిరాదేవి తణుకు వైపు మనిషి. శివరాత్రి వెళ్లింది మొదలు మృగశిర దాకా ఆవిడ ఆ డాబా మీదే కాపురం ఉంటుందంటే నమ్మండి. మినప వడియాలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు, మామిడికాయ వచ్చాక మాగాయ ముక్కలు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఆవిడ వడియాలు తినని గోదావరి వాళ్ల ఇల్లు లేదంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టే గాని, మరీ అబద్ధం కాదు. తినే వస్తువు ఆరే చోటు కాబట్టి అక్కడ చెప్పులు నిషేధం. కేబుల్ వాడైనా సరే, మంత్రిగారైనా సరే, మెట్ల కిందే విడవాలి.

నేను పెద్ద అంబర్‌పేట్ అవతల పల్లెటూరి పిల్లని. బ్యాంకు పరీక్షల కోచింగుకని దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, అక్కడ లెక్కలు చెప్పే గౌతమ్‌ని చేసుకున్నాను. బ్యాంకు ఉద్యోగం రాలేదు, గౌతమ్ వచ్చాడు. మా మామయ్య చక్రపాణి గారు కూడా లెక్కల మాస్టారే. ఎంసెట్ పిల్లలకి ఎత్తులూ దూరాలూ చెప్పీ చెప్పీ రిటైరయ్యారు. అత్తమ్మ మా పెళ్లికి అడ్డం చెప్పలేదు. ఫంక్షన్ హాలుకి వచ్చింది, అక్షింతలు వేసింది, భోంచేసి వెళ్లింది. కానీ మా అమ్మానాన్నల గడప మాత్రం తొక్కలేదు. గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్ ఊరవతలికి తరలిపోయాక, మామిడికాయ కోసం ఏటా మా ఊరి కమాను ముందు నుంచే పోయేది. ఆటో ఆపమని ఒక్కసారీ అనలేదు.

కింద వంటింట్లో ఆవిడ దారి ఆవిడది, నా దారి నాది. పైన మాత్రం పాత పంచె చెరో కొస పట్టుకుని పరవాలి కదా, మాట్లాడకపోతే కుదరదు. పిండి ఎంత గట్టిగా ఉండాలో, మిరపకాయకి గాటు ఎక్కడ పెట్టాలో చెబుతూ చెబుతూ ఆవిడ తన చిన్నప్పటి కబుర్లలోకి జారిపోయేది. నేను మా ఊరి ముచ్చట్లు చెప్పేదాన్ని. నవ్వుకునేవాళ్లం కూడా. మెట్లు దిగేసరికి మళ్లీ అత్తా కోడళ్లం. అందుకే ఆ డాబా ఆవిడకి ఎంత ముఖ్యమో నాకూ అంతే ముఖ్యం. ఈ మాట నేను పైకి ఎప్పుడూ అనలేదు.

ఇంతలో టవరొచ్చింది.

హైవే పక్కన, మాకు సరిగ్గా దక్షిణాన, రెండు వీధుల అవతల మొదలుపెట్టారు. యాభై నాలుగు అంతస్తులట. మూసీకి ఈవైపు ఇంత ఎత్తు ఇంకోటి లేదని రేకుల ప్రహరీ మీద బారెడు అక్షరాలతో రాయించారు. మా కాలనీలో ఎత్తయినది ఏదంటే నీళ్ల ట్యాంకు, దాని తర్వాత కొబ్బరిచెట్టు. మొదట్లో అందరికీ మహా సంబరంగా ఉండేది. చుట్టాలకి ఫోన్లో "టవరు కనిపిస్తుంది చూడు, దాని వెనకాల దిగు" అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. మా నాన్న కొండల్‌కి నీళ్ల ట్యాంకరుంది. ఆ టవరుకి నీళ్లు తోలే పని ఆయనకే దొరికింది. నాకు ఇంకా సంబరం.

పుష్యమాసంలో ఒకరోజు గుమ్మడి వడియాలు పెట్టాం. బూడిదగుమ్మడికాయ ముక్కలు, మినప్పిండి. మధ్యాహ్నం అవుతుండగా అత్తమ్మ మెట్ల దగ్గర నుంచి కేకేసింది.

"సౌందర్యా, మబ్బేసిందేమో చూడవే!"

"లేదత్తమ్మా, ఎండ మంచిగనే ఉంది," అన్నాను నేను వంటింట్లోంచే.

"అత్తయ్యా. మంచిగా ఉంటే మెట్ల మీద ఈ చీకటేంటి?"

ఇద్దరం పైకి ఎక్కాం. ఆకాశం కడిగినట్టుంది. పక్క డాబాల మీద ఎండే. మా వడియాల మీద మాత్రం ఇంత మందాన నీడ పరుచుకుని ఉంది. తలెత్తి చూస్తే సూర్యుడు టవరు వెనక్కి పోయాడు. అరికాళ్ల కింద గచ్చు చల్లగా తగులుతోంది. ఎండ ముదిరే వేళకి ఆ నీడ వచ్చింది, ముదురు తగ్గాక నింపాదిగా వెళ్లింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వడియాలు లోపల పచ్చిగానే ఉండిపోయి బూజు పట్టాయి. అత్తమ్మ వాటిని మూటగట్టి చెత్తబండిలో వేసింది. ఆవిడ తిండివస్తువు పారేయడం నేను చూడటం అదే మొదలు.

మామయ్య సుద్దముక్క తీసుకుని డాబా ఎక్కారు. నీడ అంచు ఎక్కడి దాకా వచ్చిందో అక్కడ, ఈ గోడ నుంచి ఆ గోడకి గీత గీశారు. నడుం మీద చెయ్యేసుకుని టవరు వైపు చూశారు.

"ఇందిరా, ఇప్పుడు ముప్ఫై చిల్లర అంతస్తులున్నాయి. దానికే నీడ ఇక్కడి దాకా వచ్చింది. త్రైరాశికం కట్టు. యాభై నాలుగయ్యేసరికి మన ఇల్లూ వెనక వీధీ దాటిపోతుంది. ఎండాకాలానికి మనకి మధ్యాహ్నం ఎండనేదే ఉండదు."

సాయంత్రం గౌతమ్ కూడా పైకెళ్లి చూసొచ్చి, నాన్న లెక్క కరెక్టే అన్నాడు. ఒక లెక్కల మాస్టారు చెబితే అనుమానించొచ్చు. ఇద్దరు చెప్పాక ఇంకేముంది?

ఆ ఆదివారం మా నాన్న పాలు పట్టుకుని వచ్చాడు. అత్తమ్మ కాఫీ ఇచ్చింది. ఇచ్చి, చాలా మర్యాదగా అంది.

"అన్నయ్యగారూ, మీరు రోజూ అన్నేసి నీళ్లు పోస్తుంటే అది పెరగదా మరి?"

నాన్న గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "నేను పొయ్యకుంటే ఇంకొకడు పోస్తడు చెల్లెమ్మా," అన్నాడు. కాఫీ సగం వదిలేసి వెళ్లిపోయాడు. నాకు నవ్వొచ్చింది, కడుపులో మంటా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి మొహం ఎలా ఉంటుందో తెలీదు గాని, గౌతమ్ నన్ను చూసి గదిలోకి జారుకున్నాడు.

ఆ తర్వాత అత్తమ్మ డాబా ఎక్కలేదు. రథసప్తమికి ఏటా పిడకల మీద డాబా మీదే పరమాన్నం వండేది, సూర్యుడికి ఎదురుగా. ఆ ఏడు అలిగి గ్యాసు పొయ్యి మీదే కానిచ్చేసింది. శివరాత్రి వెళ్లింది. ఫోన్లు మొదలయ్యాయి. "ఈ ఏడు లేవమ్మా, పెట్టట్లేదు" అని ఆవిడ ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పేది. పాత పంచెలన్నీ ఉతికి మడతపెట్టి అటక మీద పడేయించింది. పొద్దున బట్టలు ఆరేయడానికి ఒకసారి, పొద్దువాలాక తీయడానికి ఒకసారి నేనే పైకి వెళ్లొచ్చేదాన్ని. ఎండ వేళ ఆ డాబాకి మా ఇంట్లో ఎవరితోనూ పని లేకపోయింది.

ఇల్లు అమ్మేద్దామన్న మాట మామయ్యే తెచ్చారు. మియాపూర్‌లో ఫ్లాటు చూద్దాం, లిఫ్టుంటుంది, పార్కుంటుంది అన్నారు. "డాబా ఉంటదా మామయ్యా?" అని అడిగాను. ఉంటుంది గాని అందరిదీనట, తాళం వేసి ఉంచుతారట. అత్తమ్మ వత్తులు చేసుకుంటూ, "ఎక్కడైతే ఏంటి లెండి," అంది. ఆ మాటతో నాకు భయం పట్టుకుంది. ఆవిడ గదిలో ఆవిడా, నా గదిలో నేనూ, మధ్యలో లిఫ్టు చప్పుడు. ఇదేనా ఇక మా బతుకు అనిపించింది.

ఒక సాయంత్రం ఇల్లు చూడటానికి ఉపేంద్ర అనే ఆయన వచ్చాడు. టవరు దగ్గర పనిచేసేవాళ్ల కోసం హాస్టలు కడతాడట. కింద చూశాడు, పైన చూశాడు, డాబా చూస్తానన్నాడు. బూట్లతోనే మెట్లెక్కుతున్నాడు. మెట్ల దగ్గర అత్తమ్మ నిలబడి ఉంది. ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అని ఎదురుచూశాను. అనలేదు. ఇక ఉండబట్టలేక నేనే అన్నాను.

"సార్, జర బూట్లు ఇడిసి ఎక్కుండ్రి."

ఆయన ఆగి వెనక్కి చూశాడు. అత్తమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలేవే. ఇప్పుడు ఎవరెలా ఎక్కితే ఏంటి?" అంది.

ఆయన వడియాలు ఎండే చోట టకటకా నడిచి, పిల్లర్లు తట్టి చూసి దిగాడు. బేరం కుదిరింది. ఉగాది వెళ్లాక మంచిరోజు చూసి కాగితాలు రాసుకుందామనుకున్నారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. గౌతమ్ ఎందుకన్నాడు. "మీ అమ్మ నోరిప్పలే, అందుకు," అన్నాను. అతనికి అర్థమైందో లేదో తెలీదు గాని, తనూ కంచం ముందు నుంచి లేచాడు.

ఉగాదికి ముందు మా అమ్మ పూలమ్మ కొత్త చింతపండు పట్టుకుని బస్సులో దిగింది. గింజ తీసి, ఈనె తీసి, ఎంత శుభ్రంగా చేసిందో.

"వొదినె, పచ్చడికి కొత్త చింతపండు. జర ఎండ తాకిస్తే ఏడాదంత ఉంటది," అంది అమ్మ.

"మాకిక ఎండెక్కడిది వదినగారూ?" అంది అత్తమ్మ. విసురుగా అనలేదు. నిజంగానే దిగులుగా అంది. అమ్మ నా జడ సవరించి, మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ చింతపండు డాబా మీద పరిచాను. పొద్దుటి ఎండైనా తగిలితే చాలు, నీడ వచ్చేలోపు తీసేద్దాం అనుకున్నాను. కిందికి దిగితే గ్యాస్ బండి వచ్చింది. వాడు పోయాడంటే మోటారు ఆగిపోయింది. చింతపండు గుర్తొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. నీడలో పడి మెత్తబడి ఉంటుంది, అమ్మ కష్టమంతా బూడిదపాలు చేశానని నన్ను నేను తిట్టుకుంటూ మెట్లెక్కి పరుగెత్తాను. నాలుగడుగులు వేశానో లేదో అరికాళ్లు చుర్రుమన్నాయి. అమ్మో అని ఎగిరి, కాలు పెట్టడానికి ఇంకో చోటు లేక, చింతపండు మీదే నిలబడ్డాను.

అలా నిలబడే కిందికి చూశాను. నా కాళ్ల పక్కనే మామయ్య గీసిన సుద్దగీత ఉంది. గీతకి ఇవతలా ఎండే, అవతలా ఎండే. పుష్యమాసంలో నా కాళ్లకి చల్లగా తగిలిన చోటు ఇదే. పిట్టగోడ మీంచి వంగి చూశాను. టవరు అప్పటికన్నా ఇంకా పెరిగింది. క్రేను మెడ ఆకాశంలో ఉంది. నీడ మాత్రం మొదటి వీధి కూడా దాటలేదు. అక్కడ ఖాళీ ప్లాటులో కంపచెట్ల మీద పడుకుని ఉంది.

వంటింట్లోకి పరుగెత్తాను. అత్తమ్మ పులుసు కలుపుతోంది.

"అత్తమ్మా, ఒక్కసారి పైకి రా."

"నేనెందుకే?"

"నా కాళ్లు కాలినయ్."

"కాలితే వెన్న రాసుకో. ఫ్రిజ్‌లో ఉంది."

"గా సుద్దగీత కాడ కాలినయ్ అత్తమ్మా. ఇప్పుడే."

గరిటె ఆగింది. ఆవిడ నా మొహం చూసింది, నా కాళ్లు చూసింది. పొయ్యి కట్టేసింది. మెట్లెక్కడం మొదలుపెట్టింది. చాలా రోజులైంది కదా, మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగింది. పైకి వచ్చాక తిన్నగా ఆ గీత దగ్గరికి నడిచి, రెండు పాదాలూ దాని మీద పెట్టి నిలబడింది.

నిలబడింది, కదలదు. నేను తలుపు నీడలోంచి కేకేస్తున్నాను. "అత్తమ్మా, కాళ్లు తియ్యి! బొబ్బలొస్తయ్!"

"ఉండవే," అంది. "ఉండనీ."

ఇక తట్టుకోలేనప్పుడు వచ్చి నా పక్కన గడప మీద కూలబడింది. కొంగుతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. "ఏడుస్తున్నవా అత్తమ్మా?" అంటే, "కాళ్లు మండుతున్నాయే," అంది. నాకూ ఏడుపు ఆగలేదు. ఇద్దరం ఆ గడప మీద ఇరుక్కుని కూర్చుని, కాళ్లు ఊదుకుంటూ, ఏడుస్తూ, నవ్వుతూ ఉండిపోయాం. అంత హాయి నాకు పెళ్లినాడు కూడా తెలీలేదు.

మామయ్య పేపరు నెత్తిన పెట్టుకుని వచ్చారు. గీత చూశారు. టవరు చూశారు. తల వెనక్కి వాల్చి, కళ్లు చిట్లించి సూర్యుణ్ని చూశారు. తర్వాత ఆ పేపరుతోనే నుదురు కొట్టుకున్నారు.

"ఉత్తరాయణం! పొద్దున్నే సంకల్పంలో రోజూ చెబుతూనే ఉన్నానే, ఉత్తరాయణే అని! సూర్యుడు నెత్తి మీదికి వస్తున్నాడు ఇందిరా. పుష్యమాసంలో ఏటవాలుగా ఉన్నవాణ్ని వైశాఖానికీ అక్కడే నిలబెట్టి లెక్క కట్టాను. టవరు ఎంత పెరిగితే ఏం, నీడ వెనక్కి పోతోంది. ఇంకొన్నాళ్లయితే అసలు ఇటువైపే పడదు!"

సూర్యుడి రథం ఉత్తరానికి తిరిగిందని ఏటా పరమాన్నం వండి నైవేద్యం పెట్టే ఇల్లు మాది. ఆ ఇంట్లో నలుగురం, ఆయన తిరుగుతాడన్న సంగతే మర్చిపోయి ఇల్లు అమ్మకానికి పెట్టాం. సాయంత్రం గౌతమ్ వచ్చి, కాగితం తీసి, మామయ్య చెప్పిందే మళ్లీ బొమ్మ వేసి మాకు వివరించబోయాడు.

"నీ దగ్గర కోచింగ్ తీసుకున్నందుకే నాకు బ్యాంకు ఉద్యోగం రాలే," అన్నాను.

అత్తమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు మెట్ల కింద, వంటింట్లో వినడం నాకదే మొదటిసారి.

ఉపేంద్రకి ఫోను మామయ్య చేస్తానంటే ఒప్పుకోలేదు, ఆవిడే చేసింది. "బాబూ, ఇల్లు అమ్మట్లేదు. ఏమీ అనుకోకండి. మీరు ఎండాకాలంలో ఒకసారి రండి, వడియాలిస్తాను. బూట్లు మాత్రం కిందే విడవాలి సుమా," అంది. ఫోను పెట్టేసి, అటక మీది పంచెలు దింపమని గౌతమ్‌ని తరిమింది. ఉగాదికి ఇంట్లో మినప్పిండి వాసన. నేను నిలబడిన చింతపండు మాత్రం పచ్చట్లోకి రానివ్వలేదు. దాంతో ఇత్తడి సామానంతా తోమించింది, నాతోనే.

వైశాఖం వచ్చేసరికి డాబా మీద కాలు పెట్టడానికి జాగా లేదు. మాగాయ ముక్కలు ఒకవైపు, వాటి ఊట జాడీల్లో ఒకవైపు, నడవడానికి గోనెపట్టాల దారి ఒకటి. టవరు పూర్తి ఎత్తుకి వచ్చేసింది. మిట్టమధ్యాహ్నం దాని నీడ అవతలి వైపు, దాని కాంపౌండులోనే పడుతోంది. మామయ్య ఇప్పుడు ఏ లెక్కా చెప్పరు. అడిగితే, "ముందు కాలు పెట్టి చూడండి," అంటారు.

ఆఖరి స్లాబు పడిన రోజు మా నాన్న వచ్చాడు. సైటులో యాటను కోశారట, అందరికీ దావతట. తనూ తినేసి వచ్చాడు. అత్తమ్మ ఆయన్ని కిందే ఉంచలేదు, డాబా మీదికి పిలిచింది. ఆయన చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి ఎక్కాడు. ట్యాంకు నీడన పీట వేసి, మజ్జిగ ఇచ్చింది.

"ఇక నీళ్లు పోయడం ఆపుతారా అన్నయ్యగారూ?"

నాన్న ఈసారి నవ్వాడు. "అయిపోయింది చెల్లెమ్మా. ఇగ పెరగదు."

ఆయన గ్లాసు ఖాళీ చేసేదాకా కూర్చుని, మజ్జిగ ఇంకొంచెం పోసి, టవరు వైపు చూసింది అత్తమ్మ. "పుష్యమాసానికి ఆ నీడ మళ్లీ మన మీదికే వస్తుంది కదూ?" అంది. వస్తుందని అందరికీ తెలుసు.

"అయితే గుమ్మడి వడియాలకి వేరే చోటు చూసుకోవాలి," అంది ఆవిడ. "అన్నయ్యగారూ, మీ వాకిట్లో ఎండ ఎంతసేపుంటుంది?"

నాన్న గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూశాడు. "పొద్దుగాల్ల నుంచి పొద్దుగూకేదాక ఉంటది చెల్లెమ్మా. ఏ అడ్డం లేదు."

"వదినగారికి ఇబ్బందేమో. సౌందర్యా, మీ అమ్మకి ఫోను కలుపు. నేనే అడుగుతాను."

కలిపి ఇచ్చాను. అటునుంచి అమ్మ గొంతు డాబా అంతా వినిపించింది. "అడుగుడేంది వొదినె? నీ ఇల్లు కాదా? రా, నాలుగు పొద్దులుండి పో."

అత్తమ్మ సరేనంది, ఉంటానంది. ఫోను నాకివ్వబోయి, దాన్ని అరచేత్తో మూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"మీ వాకిట్లో చెప్పులు ఎక్కడ విడవాలే?"

"కమాను దాటి మా వాకిట్లకు రాంగనే రాతి అరుగుంటది. ఆడ ఇడిస్తే సాలు, అత్తమ్మా," అన్నాను.

ఆవిడ సరే అన్నట్టు తలూపి, పంచె కొస ఒకటి అందుకుని, రెండోది పట్టుకోమని నాకు సైగ చేసింది. మర్చిపోయిందో, కావాలనే ఊరుకుందో తెలీదు. ఈసారి నన్ను దిద్దలేదు.